మెత్తని ధమని వెనుక పనితనం

ఎముకను కట్టడానికి కావలసిన సరుకంతా మన రక్తంలోనే ఉంది. డెసీలీటరు రక్తద్రవంలో కాల్షియం 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల దాకా, ఫాస్ఫేట్ రూపంలో ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. ఈ రెండూ కలిసి గట్టిపడితే హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటికం వస్తుంది. ఎముకకూ పంటికీ గట్టిదనం ఇచ్చేది అదే. రసాయన లెక్క ప్రకారం చూస్తే, ఆ స్ఫటికం ఏర్పడటానికి చాలినంతకంటే ఎక్కువ సరుకే రక్తంలో కరిగి ఉంది. ఎక్కడైనా ఓ చిన్న స్ఫటికం మొలిస్తే దాని చుట్టూ మిగతాది పేరుకుపోవడానికి అడ్డేమీ ఉండకూడదు. అయినా ఎనభై ఏళ్ల మనిషిలో కూడా రక్తం ద్రవంగానే పారుతుంది. ఎముక కావలసిన చోటే ఎముక తయారవుతుంది.

ఈ మెత్తదనం ఊరికే దక్కింది కాదు. ఒంట్లో అనుక్షణం జరిగే పని వల్ల నిలుస్తోంది. ఆ పని ఎలా సాగుతుంది, ఎక్కడ తప్పుతుంది, తప్పిందని పరిశోధకులు ఎలా కనిపెడతారు అన్నవి ఒక్కొక్కటిగా విప్పి చూడదగ్గ విషయాలు. అవి తెలిస్తేనే, మీథేన్ వంటి మామూలు వాయువు రక్తనాళాల్లో సున్నం పేరుకోవడాన్ని తగ్గించగలదా అన్న నేటి ప్రశ్న ఎంత సూక్ష్మమైనదో బోధపడుతుంది.

గోడ నిర్మాణం

ధమని గోడకు మూడు పొరలు. రక్తాన్ని తాకే లోపొర మీద ఎండోథీలియం ఒకే కణం మందాన పరచుకుని ఉంటుంది. బయటి పొరలో పీచులాంటి కొలాజెన్, నరాలు, గోడకే రక్తం అందించే సన్నని నాళాలు ఉంటాయి. అసలు కొలువంతా మధ్యపొరలో ఉంది. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలో ఈ పొర ఎలాస్టిన్ రేకులతో కట్టి ఉంటుంది. ఒక రేకు చుట్టూ మరొకటి, వలయం మీద వలయంగా, ఛాతీ భాగంలో యాభై దాకా రేకులుంటాయి. రేకుకూ రేకుకూ మధ్య నునుపు కండర కణాలు సర్దుకుని ఉంటాయి.

గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు ఈ రేకులు సాగి, ఆ తోపులో కొంత శక్తిని తమలో దాచుకుంటాయి. గుండె సడలగానే అవి తిరిగి ముడుచుకుని, దాచుకున్న శక్తితో రక్తాన్ని ముందుకు నెడతాయి. గుండె ఆగి ఆగి కొట్టినా వేళ్ల కొసలకు రక్తం ఆగకుండా అందేది ఇందువల్లే. ఇది రోజుకు సుమారు లక్షసార్లు జరుగుతుంది. ఈ ఎలాస్టిన్‌లో చాలాభాగం పుట్టకముందూ బాల్యంలోనూ తయారవుతుంది. ఆ తర్వాత కొత్తది దాదాపు చేరదు. చిన్నప్పటి రేకులే జీవితమంతా పని చేయాలి.

సున్నం ఈ గోడలో రెండు చోట్ల పేరుకుంటుంది. ఒకటి లోపొరలో, కొవ్వు చేరి ఏర్పడ్డ ఫలకాల్లో. గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది మధ్యపొరలో, ఎలాస్టిన్ రేకుల వెంబడి. దీన్ని 1903లో జర్మన్ పాథాలజిస్టు యోహాన్ మెంకెబెర్గ్ వర్ణించాడు. మధుమేహంలోనూ కిడ్నీ జబ్బులోనూ ఈ రకం ఎక్కువ. రేకులు బిగుసుకుపోతే గుండె కొట్టిన ప్రతి దెబ్బా మెత్తబడకుండా నేరుగా చిన్న నాళాల మీద పడుతుంది. పై రక్తపోటు పెరుగుతుంది, కింది రక్తపోటు తగ్గుతుంది, గుండె కండరం మీద బరువు పడుతుంది.

బోరు నీళ్లు కాగే గీజరు కాయిల్ మీద తెల్లటి పొర కట్టినట్టే ధమనిలోనూ సున్నం చేరుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆ పోలిక సగం దాకానే నడుస్తుంది. కాయిల్ ఆ పొరను ఆపడానికీ పెంచడానికీ ఏమీ చేయదు. ధమని గోడ ఆ రెండు పనులూ చేస్తుంది.

ఆపే ఏర్పాట్లు

మొదటి ఏర్పాటు కొలతలోనే ఉంది. మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల కణాల మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం ఉంటుంది. రక్తంలో అయాన్ రూపంలో ఉన్న కాల్షియం కొంచెం తగ్గగానే గ్రంథి హార్మోన్ విడుదల చేస్తుంది, కొంచెం పెరగగానే ఆపుతుంది. ఆ హార్మోన్ ఎముక నుంచి కాల్షియాన్ని తెప్పిస్తుంది, మూత్రంలో పోయే కాల్షియాన్ని ఆపుతుంది, ఫాస్ఫేట్‌ను మాత్రం మూత్రంలోకి పంపేస్తుంది. ఒకే హార్మోన్ ఒకదాన్ని నిలుపుకుంటూ రెండోదాన్ని వదిలేయడంలోనే ఉంది తెలివంతా. రెండూ ఒకేసారి పెరిగితే స్ఫటికం కట్టే ముప్పు ఉంది కదా.

రెండో ఏర్పాటు కాలేయం నుంచి వస్తుంది. దాని పేరు ఫెట్యూయిన్-ఎ. ఈ ప్రొటీన్‌ను 1944లో పెడెర్సన్ దూడ పిండం రక్తద్రవంలో గుర్తించాడు. దీని అణువులో ఒక చదునైన భాగం మీద రుణావేశమున్న అమైనో ఆమ్లాలు వరుసగా తేలి ఉంటాయి. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గుంపు కట్టడం మొదలైనప్పుడు, నానోమీటరు సైజులోనే ఉన్న ఆ గుంపులను ఈ వరుస పట్టుకుంటుంది. ఒక్కొక్క గుంపునూ ప్రొటీన్ కప్పేస్తే అది స్ఫటికంగా ఎదగలేదు. కప్పిన గుంపులు మరికొన్ని కలిసి గుండ్రటి చిన్న రేణువులవుతాయి. వీటిని కాల్సిప్రొటీన్ రేణువులంటారు. కరగని ఖనిజాన్ని కరిగిన సరుకులా మోసుకుపోయే ఉపాయమిది. అలా మోసిన దాన్ని కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగి తొలగిస్తాయి. జర్మనీలోని ఆకెన్‌లో విల్లీ యానెన్-డెకెంట్ బృందం ఫెట్యూయిన్ లేని ఎలుకలను పుట్టించి చూపింది. ఒక జాతి ఎలుకల్లో ఆ ప్రొటీన్ లేకపోవడంతోనే కిడ్నీలు, గుండె, ఊపిరితిత్తులు, చర్మం అంతటా సున్నం పట్టింది. ఆ ఫలితం 2003లో వెలువడింది.

మూడోది అన్నిటికంటే చిన్నది. దాని పేరు పైరోఫాస్ఫేట్. రెండు ఫాస్ఫేట్లు ఒక ఆక్సిజన్‌తో ముడిపడితే వచ్చే అణువు. చూడటానికి ఫాస్ఫేట్‌లాగే ఉంటుంది కాబట్టి పెరుగుతున్న స్ఫటికం మీద ఫాస్ఫేట్ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. కానీ దాని ఆకారం వేరు కనుక పక్కన మరో వరుస కట్టనివ్వదు. ఒక్క అణువు కూర్చుంటే ఆ మూల ఎదుగుదల ఆగిపోతుంది. స్విస్ వైద్యుడు హెర్బర్ట్ ఫ్లైష్ 1960ల్లో మూత్రంలో దీని గుణాన్ని తేల్చాడు. ఎముకల అరుగుదలకు నేడు వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు ఆ పరిశీలన నుంచి పుట్టినవే. ఇఎన్‌పీపీ1 అనే ఎంజైమ్ కణాల బయట ఏటీపీ అనే అణువును కోసి పైరోఫాస్ఫేట్ తయారుచేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ లోపించిన శిశువుల ధమనుల్లో నెలల వయసులోనే సున్నం పేరుకుంటుంది.

నాలుగోది గోడలోనే పుట్టే ప్రొటీన్. మాట్రిక్స్ గ్లా ప్రొటీన్ అంటారు. నునుపు కండర కణాలే దీన్ని చేస్తాయి. ఇది 84 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అందులో ఐదు చోట్ల గ్లుటామిక్ ఆమ్లానికి అదనంగా ఒక కార్బాక్సిల్ గుంపు అతుకుతుంది. అప్పుడు ఒకే చోట రెండు రుణావేశాలు పక్కపక్కన చేరి కాల్షియాన్ని పట్టుకోగలుగుతాయి. ఆ అతుకు వేయడానికి విటమిన్ కె కావాలి. ఆకుకూరల్లో దొరికే ఆ విటమిన్ రక్తం గడ్డకట్టడానికి ఎంత అవసరమో గోడ గట్టిపడకుండా ఉండటానికీ అంతే అవసరం. 1997లో జెరార్డ్ కార్సెంటీ బృందం ఈ ఒక్క ప్రొటీన్ లేని ఎలుకలను పెంచింది. అవి పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నాయి. రెండు నెలల లోపే బృహద్ధమని ఎముకలా గట్టిపడి, చీలి, చనిపోయాయి. తీసేస్తేనే విలువ తెలిసే భాగాల్లో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

నాలుగు ఏర్పాట్లనూ కలిపి చూస్తే వాటి అమరిక తెలుస్తుంది. ఒకటి సరుకు మోతాదును అదుపు చేస్తుంది. ఒకటి రక్తంలో పుట్టే గుంపులను కప్పుతుంది. ఒకటి మొలిచిన స్ఫటికం ఎదగకుండా ఆపుతుంది. చివరిది గోడ లోపలే కాపు కాస్తుంది. ఏ రెండూ ఒకే చోట ఒకే పని చేయవు.

కణం మనసు మార్చుకున్నప్పుడు

కిడ్నీ పాడైతే మొదటి ఏర్పాటే కుంటుపడుతుంది. ఫాస్ఫేట్ బయటికి పోదు, రక్తంలో నిలుస్తుంది. 2000లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సిసీలియా జాకెల్లీ బృందం, మనిషి ధమని నుంచి తీసిన నునుపు కండర కణాలను ఎక్కువ ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో పెంచింది. ఫాస్ఫేట్ లీటరుకు 1.4 మిల్లీమోల్ దాటాక కణాల చుట్టూ ఖనిజం పేరుకోవడం మొదలైంది. కణాల్లోకి ఫాస్ఫేట్‌ను చేరవేసే ద్వారాన్ని మందుతో మూసేస్తే ఆగిపోయింది. అంటే ఫాస్ఫేట్ బయట ఊరికే అవక్షేపంగా దిగడం లేదు. లోపలికి వెళ్లి కణానికి ఏదో చెబుతోంది.

ఏం చెబుతోందో కణంలోని జన్యువులను బట్టి తెలిసింది. ముడుచుకోవడానికి పనికొచ్చే ప్రొటీన్ల తయారీ తగ్గింది. ఎముక కణాల్లో పని చేయవలసిన రన్‌ఎక్స్2 అనే నియంత్రక ప్రొటీన్ పెరిగింది. కండర కణం ఎముక కణం దారి పట్టింది. తర్వాత 2008లో మరో బృందం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సీకారకాలు కూడా ఇదే రన్‌ఎక్స్2ను లేపుతాయని చూపింది. మీథేన్ కథకు తలుపు తెరిచే తాళంచెవి ఇక్కడే ఉంది.

అదే 2000లో చిన్న వయసులోనే డయాలిసిస్ చేయించుకుంటున్న వాళ్ల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం వైద్యలోకాన్ని కదిలించింది. 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి కరోనరీ ధమనుల్లో సున్నం కనిపించింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ మంచమెక్కే మనుషులకు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎందుకు పదేపదే చూస్తారో ఈ అంకె చెబుతుంది. కిడ్నీ చేయలేని పనిని ఆహారం, మందులు, యంత్రం కలిసి చేయాలి. ఆ రెండు అంకెలూ ఆ పని ఎలా సాగుతోందో చెప్పే కొలతలు.

కనిపెట్టే చేతిపనులు

ఫాస్ఫేట్ కొలత చరిత్రలో మన భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. క్రమం ఇది. మొదట రక్తంలోని ప్రొటీన్లను ఆమ్లంతో దించి వడకడతారు. తేట ద్రవానికి మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ ఉన్నంత మేర అది మాలిబ్డేట్‌తో జతకడుతుంది. అప్పుడు అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే ఆ జతకట్టినదే నీలంగా మారుతుంది. విడిగా మిగిలిన మాలిబ్డేట్ మారదు. నీలం ఎంత చిక్కగా ఉందో, ఫాస్ఫేట్ తెలిసిన ద్రావణంతో పోల్చి లెక్క కడతారు. ఈ పద్ధతి ఎంత నికరమైనదంటే, కండరం రసంలో నీలం ఎక్కడం మామూలుకంటే ఆలస్యమవుతోందని వాళ్లు పట్టుకోగలిగారు. ఆ ఆలస్యం వెనక ఇంకా విడివడని ఫాస్ఫేట్ ఉందని అర్థమైంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది.

గోడలో పేరుకున్న ఖనిజాన్ని చూడటానికి వేరే నేర్పు కావాలి. సాధారణంగా ఎముకను కోసి సూక్ష్మదర్శినిలో చూసేముందు ఆమ్లంతో దాని ఖనిజం తీసేస్తారు. లేకపోతే సన్నని ముక్కలు రావు. ఇక్కడ ఆ పని చేస్తే వెతికేదే మాయమవుతుంది. అందుకే ధమనిని ఖనిజం కరగని తటస్థ ఫార్మలిన్‌లో నిలవచేసి, మైనంలో దించి, కొన్ని మైక్రోమీటర్ల మందంతో కోస్తారు. ఆ ముక్క మీద సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి కాంతిలో ఉంచుతారు. ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉన్న కాల్షియం స్థానంలోకి వెండి వస్తుంది. వెలుగు తగలగానే ఆ వెండి నల్లబడుతుంది. మిగిలిపోయిన వెండిని, ఫొటోలు కడిగేవాళ్లు వాడిన హైపోతోనే కడిగేస్తారు. 1901లో హంగేరీకి చెందిన ఫాన్ కొస్సా చెప్పిన ఈ పద్ధతిలో నల్లగా కనిపించేది నిజానికి ఫాస్ఫేట్ ఉన్న చోటు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్క నలుపుతో తృప్తిపడరు. పక్క ముక్కకు వేరే రంగు వేస్తారు.

ఆ రంగు అలిజరిన్ రెడ్. ఇది నేరుగా కాల్షియం అయాన్‌ను పట్టుకుని నారింజ ఎరుపు తేలుతుంది. అలిజరిన్ మనకు కొత్త కాదు. మచిలీపట్నం కలంకారీలో ఎరుపు కోసం తరతరాలు వాడిన చిరివేరులో ఉన్నది ఇదే అణువు. బట్టకు ముందుగా పటిక పట్టిస్తారు. వేరుతో కాచినప్పుడు అలిజరిన్ పటికలోని అల్యూమినియాన్ని పట్టుకుంటుంది, ఎరుపు తేలి నిలుస్తుంది. పటిక తగలని చోట ఆ రంగు నిలవదు. 1860ల చివర జర్మనీలో గ్రేబ్, లీబర్మాన్ ఈ అణువును కృత్రిమంగా చేశారు. దానికి ఓ సల్ఫోనేట్ గుంపు చేర్చి నీటిలో కరిగేలా చేస్తే ప్రయోగశాల రంగు సిద్ధమవుతుంది. లోహాన్ని వెతికి పట్టుకునే గుణం ఒక్కటే. అద్దకంవాడు దాన్ని పువ్వు గీయడానికి వాడాడు, పాథాలజిస్టు ఎక్కడ సున్నం ఉందో చూడటానికి వాడుతున్నాడు. ద్రావణం ఆమ్లత్వం (పీహెచ్) 4.2 దగ్గర నిలపాలి. అది తప్పితే రంగు అన్నిటికీ అంటుకుని చూపు చెదురుతుంది.

రంగు ఎక్కడుందో చెబుతుంది, ఎంతుందో సరిగ్గా చెప్పదు. అందుకు మరో ముక్కను ఆరబెట్టి తూచి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. ఖనిజం కరిగి ద్రవంలోకి వస్తుంది. దాని కాల్షియాన్ని కొలిచి, ఎండిన కణజాలం బరువుతో భాగిస్తారు. ఇది లేకపోతే పెద్ద ముక్కలో ఎక్కువ, చిన్న ముక్కలో తక్కువ సున్నం ఉన్నట్టు పొరపాటు పడతారు.

బతికి ఉన్న మనిషిలో చూడటానికి సీటీ స్కాన్ ఉంది. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్, వారి సహచరులు చెప్పిన కాల్షియం స్కోర్ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. గుండె క్షణం కూడా ఆగదు కాబట్టి, ఈసీజీని చూస్తూ అది సడలిన ఘడియలో బొమ్మ తీస్తారు. గుండెను 3 మిల్లీమీటర్ల మందం పొరలుగా చూస్తారు. స్కాన్ కొలబద్దలో నీటి సాంద్రత 0, గాలిది మైనస్ 1000. 130 దాటి, కనీసం ఒక చదరపు మిల్లీమీటరు మేర తెల్లగా కనిపించిన మచ్చనే సున్నంగా లెక్కిస్తారు. మచ్చలో గరిష్ఠ సాంద్రత 200 లోపైతే 1, 300 లోపైతే 2, 400 లోపైతే 3, ఆ పైన 4 అని గుణకం ఇస్తారు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల మచ్చలో గరిష్ఠం 320 అయితే దాని వంతు 12. అన్ని పొరల్లోని అన్ని మచ్చలనూ కూడితే స్కోరు వస్తుంది. సున్నా వస్తే రాబోయే కొన్నేళ్లలో గుండెపోటు ముప్పు బాగా తక్కువ. 400 దాటితే ఎక్కువ. ఇంత సరళమైన లెక్క ముప్పై ఏళ్లు దాటి నిలబడటానికి కారణం, ప్రతి మెట్టూ ఎవరు చేసినా ఒకేలా వచ్చేలా దాన్ని కట్టడమే.

రక్తం సున్నాన్ని ఎంతసేపు ఆపగలదో కొలిచే పరీక్ష కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లో ఆండ్రియాస్ పాష్ బృందం 2012లో దీన్ని ప్రచురించింది. రక్తద్రవానికి కావాలనే కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కువగా కలుపుతారు. ఫెట్యూయిన్ వెంటనే వాటిని గుండ్రటి రేణువులుగా కప్పేస్తుంది. కొన్ని గంటల తర్వాత ఆ రేణువులు ఒక్కసారిగా సూదుల్లాంటి స్ఫటికాలుగా మారతాయి. లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి ఆ మార్పు సగానికి చేరిన సమయాన్ని పట్టుకుంటారు. ఎక్కువసేపు పట్టిందంటే ఆ రక్తంలో కాపు బలంగా ఉందన్నమాట. మొదట చెప్పుకున్న వాటిలో రక్తంలో ఉండే ఏర్పాట్లు కలిసి ఎంత బాగా పనిచేస్తున్నాయో ఒకే అంకెలో చెప్పే పరీక్ష ఇది.

మీథేన్‌ను ప్రశ్నగా నిలబెట్టడం

మీథేన్ ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్‌ల అణువు. గోబర్ గ్యాస్‌లో మండేది అదే. మన పెద్దపేగులో ఉండే మెథనోబ్రెవిబాక్టర్ స్మిథీ వంటి ఆర్కియా సూక్ష్మజీవులు నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి ఒక పాలు మీథేన్ చేస్తాయి. ఐదు పాళ్ల వాయువు ఒక పాలుకు కుదించుకుపోతుంది. పెద్దవాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఊపిరిలో దీన్ని కొలవగలం. చాలాకాలం దీన్ని ఒంటికి పట్టని వ్యర్థంగానే చూశారు.

2012లో హంగేరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంలో మిహాయ్ బోరోష్ బృందం ఆ చూపును మార్చింది. మత్తులో ఉన్న కుక్కల్లో పేగుకు రక్తం అందించే ధమనిని కొంతసేపు మూసి, తిరిగి వదిలారు. రక్తం తిరిగి వచ్చినప్పుడు కణజాలంలో ఆక్సీకారకాలు ఒక్కుమ్మడిగా పుట్టి గాయం చేస్తాయి. ఆ సమయంలో 2.5 శాతం మీథేన్ కలిపిన గాలి పీల్పించిన జంతువుల్లో ఆ ఆక్సీకరణ గాయం, వాపు సూచనలు తక్కువగా కనిపించాయి. ఆ 2.5 శాతం వెనక కూడా జాగ్రత్త ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం దాకా ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. వాడిన మోతాదు ఆ కింది హద్దులో సగమే.

ఇప్పుడు రెండు కొసలూ కలుస్తాయి. ఆక్సీకారకాలు నునుపు కండర కణాన్ని ఎముక దారి పట్టిస్తాయి. మీథేన్ కొన్ని కణజాలాల్లో ఆక్సీకరణ గాయాన్ని తగ్గించింది. అలాంటప్పుడు మీథేన్ ధమనిలో సున్నాన్ని తగ్గించగలదా? ప్రశ్న సహజంగానే పుడుతుంది. దాన్ని తప్పుదారి పట్టకుండా అడగడమే చేతిపని.

మీథేన్ నీటిలో చాలా కొద్దిగా కరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో లీటరుకు సుమారు 22 మిల్లీగ్రాములు. పీడనం పెంచి సెలైన్‌లో కరిగిస్తే ఎక్కువ పడుతుంది. దాన్ని గాలి బుడగ లేకుండా మూసిన సంచిలో చల్లగా దాచి, ఎంత మిగిలిందో గ్యాస్ క్రొమటోగ్రఫీతో చూసి వాడాలి. పోల్చడానికి వాడే మామూలు సెలైన్‌నూ అదే పీడనం, అదే సంచి, అదే చల్లదనం దాటించాలి. అప్పుడే తేడా వస్తే అది వాయువు వల్లేనని చెప్పగలం.

పళ్లెంలో కణాల మీద పరీక్షించేటప్పుడు ఫాస్ఫేట్ మరీ ఎక్కువైతే కణాలతో పని లేకుండానే ఖనిజం దిగిపోతుంది. అందుకే కణాలు లేని గుంటలూ, చంపి నిలవచేసిన కణాల గుంటలూ పక్కన పెడతారు. వాటిలోనూ సున్నం కడితే ఆ మోతాదు పనికిరాదు. ఎలుకల్లోనైతే ఆహారంలో అడినైన్ కలిపి కిడ్నీని పాడు చేస్తారు. ఇక్కడ ఒక సూక్ష్మమైన చిక్కు ఉంది. అడినైన్ కలిపిన మేత ఎలుకకు రుచించదు. ఏ కారణం చేతైనా మీథేన్ ఇచ్చిన ఎలుక ఇంకొంచెం తక్కువ తింటే, అడినైనూ ఫాస్ఫేటూ తక్కువే లోపలికి పోతాయి. సున్నమూ తగ్గుతుంది. మీథేన్ పని చేసినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆకలి పని చేసి ఉంటుంది. అందుకే ఒక గుంపు ఎంత తిన్నదో తూచి, మర్నాడు రెండో గుంపుకు అంతే పెడతారు. ముక్కలు చూసేవాళ్లకు ఏది ఏ గుంపుదో చెప్పరు.

అప్పుడు పైన చెప్పుకున్న పనిముట్లన్నీ ఒక్కసారి పనిలోకి దిగుతాయి. వెండి నలుపూ అలిజరిన్ ఎరుపూ ఒకే చోట కనబడాలి. ఆమ్లంలో కరిగిన కాల్షియం లెక్క ఆ రంగులతో ఏకీభవించాలి. తర్వాత రక్తంలో ఫాస్ఫేట్ చూడాలి. అది కూడా తగ్గి ఉంటే మీథేన్ కాపాడింది కిడ్నీని, ధమనికి దక్కింది దాని ఫలితం మాత్రమే. ఫాస్ఫేట్ రెండు గుంపుల్లో సమానంగా ఉండి, గోడలో రన్‌ఎక్స్2 తగ్గి, సున్నం కూడా తగ్గితే గోడలోనే మార్పు వచ్చిందని అనుకోవచ్చు. రన్‌ఎక్స్2 మారకుండా సున్నం తగ్గితే కారణాన్ని పైరోఫాస్ఫేట్ వైపో ఫెట్యూయిన్ వైపో వెతకాలి. ఏ ఫలితం వచ్చినా దానికో చిరునామా దొరుకుతుంది. నాలుగు ఏర్పాట్లను విడివిడిగా అర్థం చేసుకున్న శ్రమకు ప్రతిఫలం ఇదే.

మీథేన్ ఇప్పుడు ధమనుల జబ్బుకు మందు కాదు. ఎలుకలో వచ్చిన ఫలితం మనిషికి చేరడానికి, అక్కడ కాల్షియం స్కోరు తగ్గడమో పెరగకుండా నిలవడమో చూపాలి. ఆ తర్వాత గుండెపోట్లు తగ్గాయనీ చూపాలి. అది ఏళ్ల పని. ఈలోగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఫాస్ఫేట్ అదుపు, మధుమేహం అదుపు, రక్తపోటు అదుపు తాము చేయగల మేలు చేస్తూనే ఉంటాయి. అవి చిన్న పనుల్లా కనిపించినా, ఒంట్లో ముందే నడుస్తున్న గొప్ప పనికి చేయూత. కొత్త వాయువైనా కొత్త మందైనా ఆ పనిలో చోటు సంపాదించుకోవాలంటే, ఏ ఏర్పాటుకు సాయపడుతోందో చూపించి రావాలి. ఆ మాట అడిగే హక్కును, అడగగల పనిముట్లను వందేళ్లకు పైగా ఓర్పుతో తయారుచేసి ఇచ్చిన చేతులకు మనం రుణపడి ఉన్నాం.